ఏడో లెవెల్ గాలి

1. కృత్తిక కార్తె. సోమవారం, ఫస్ట్ షిఫ్ట్

ఫ్యాన్ రూమ్ గోడ మీద చాక్‌పీసుతో రాస్తున్నాను. ఫ్యాన్లను నడిపే మెషీన్‌లోనే రాసుకోవచ్చు కదా అనేవాళ్ళు వచ్చి రాసి చూడొచ్చు. ఏడో లెవెల్ గురించి దానిలో ఏం పెట్టినా కరెంటు మారగానే తుడిచేసినట్టు పోతోంది. గోడ అలా చేయదు. గోడ పొడుగ్గా ఉంది, నా దగ్గర కోపం కూడా దండిగా ఉంది.

జరిగింది ఇది. మన బాయిలో, అంటే మనం కాపురముంటున్న ఈ పాత గనిలో, ఏడో లెవెల్ మొన్నటిదాకా విరిగిన సామాను పడేసే చోటు. ఆరో లెవెల్‌లో జనం కిక్కిరిసి, ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకునే పరిస్థితి వస్తే, కొన్ని ఇళ్ళవాళ్ళను ఏడుకి దింపారు. సామానుకు ఊపిరి అక్కర్లేదు కాబట్టి అక్కడి ఫ్యాన్ ఇన్నాళ్ళూ నిదానంగా తిరిగింది. మనుషులు దిగాక జోరుగా తిరగాలి. నేను జోరు పెట్టాను, సేవ్ నొక్కాను. మెషీన్ 'సరే' అంది.

షిఫ్ట్ మారినప్పుడల్లా పైనున్న సోలార్ పలకల కరెంటు నుంచి కింది ఆవిరి కరెంటుకో, దాన్నుంచి మళ్ళీ పలకలకో మారతాం. ఆ క్షణం మెషీన్ ఒకసారి ఆరి వెలుగుతుంది. వెలిగాక చూస్తే ఏడో లెవెల్ మళ్ళీ నిదానంలోకి వచ్చి కూర్చుంది. మళ్ళీ జోరు పెట్టాను. తర్వాతి షిఫ్ట్‌కు మళ్ళీ అదే తంతు.

ఓవర్‌మ్యాన్ మొగిలికి ఫోన్ చేశాను. ఈ బాయికి పెద్ద ఆయనే.

"మల్ల పెట్టు ఓదక్కా. ఒక్కోపారి గట్లనే జేస్తది," అన్నాడు.

"ఒక్కోపారి కాదు సార్, ప్రతీపారి జేస్తున్నది."

"అయితే ప్రతీపారి పెట్టు."

దీన్నే మన దగ్గర రిపేరు అంటారు.

2. అదే కార్తె. బుధవారం, సెకండ్ షిఫ్ట్

సెట్టింగులు నిలవకపోతే ముందు అనుమానించాల్సింది లోపలి చిన్న బ్యాటరీని. గుండీ అంత ఉంటుంది. అది చస్తే మెషీన్‌కు ఆరగానే అన్నీ మరుపే. మూత విప్పి కొత్తది వేశాను. గంపెడు దుమ్ము తుడిచాను. మెషీన్ అందంగా తయారైంది. బుద్ధి మాత్రం మారలేదు.

రాయకుండా అడ్డుపడే తాళం ఏదైనా పడిందా అని చూశాను. పడలేదు. నేను నా పేరుతో కాకుండా చుట్టంలా లోపలికి పోయానా అని చూశాను. లేదు, నా పేరే, ఓదెమ్మ, ఫ్యాన్ రూమ్. నా వెనక ఇంకెవరైనా మారుస్తున్నారా అనుకుంటే ఇక్కడ ఇంకొకరు ఎవరున్నారు? నా జోడీ కనకయ్యను పంపు హౌస్‌కు పంపి, మూడు షిఫ్టులూ నా నెత్తినే పెట్టారు. షిఫ్ట్ మారే వేళకల్లా నేను మెషీన్ ముందు ఉండాలి. మధ్యలో కుర్చీలో కునుకు తీస్తే, కలలో కూడా సేవ్ నొక్కుతున్నాను.

క్యాంటీన్‌లో కూడా చిరాకే. వెల్లుల్లి కారం అయిపోయిందట. ఏడో లెవెల్‌వాళ్ళు వచ్చి గిన్నెతో సహా పట్టుకుపోయారని వడ్డించేవాడు నసిగాడు. గాలి సరిగా లేనివాళ్ళు కారం అంత ఎలా తింటున్నారో.

ఏడో లెవెల్ నుంచి రాజవ్వ ఫోన్ చేసింది. కాన్పులు చేసే మనిషి, ఆ లెవెల్‌లో పెద్దదిక్కు. ఆమె గొంతు మామూలుగా బాయంతా వినబడుతుంది. ఇవాళ మెల్లగా మాట్లాడింది.

"ఓదక్కా, షిఫ్ట్ మారినప్పుడల్లా గాలి ఆగినట్టయితాంది. తలకాయలు పగుల్తున్నయే. జర మంచిగ జెయ్యి బిడ్డా."

"అదే పన్ల ఉన్న రాజవ్వా."

"పన్ల ఉన్ననంటవు. గాలి ఏదే?"

ఫోన్ పెట్టేశాను. తర్వాత సిగ్గేసింది.

3. అదే కార్తె. శనివారం, ఫస్ట్ షిఫ్ట్

ఇవాళ కాస్త తెలివి వాడాను. ఆరో లెవెల్ ఫ్యాన్‌ను ఊరికే కొంచెం తగ్గించి, సేవ్ చేసి, కరెంటు మారేదాకా చూశాను. మెషీన్ ఆరి వెలిగి 'సరిపోయింది' అంది. ఎప్పట్లాగే ఆరో లెవెల్ మనుషుల పేర్లన్నీ తెర మీద వేసింది. పోశం: పని. లచ్చమ్మ: మేలుకొని. సారయ్య: నిద్ర. నేను తగ్గించిన గాలి తగ్గించినట్టే ఉంది.

అంటే మెషీన్ జ్ఞాపకశక్తికి ఏ రోగమూ లేదు. రోగం ఏడో లెవెల్‌లోనే ఉంది.

ఆరుని మళ్ళీ మామూలుగా పెట్టి, ఏడు వెలిగే క్షణాన్ని కన్ను ఆర్పకుండా చూశాను. తెర మీద ఒక మాట మెరిసి మాయమైంది. 'కుదరలేదు. పాతదే ఉంచాను.' ఏడో లెవెల్ మనుషుల పేర్లు వేయనే లేదు.

కుదరాల్సినవి రెండు. మన తాతల కాలంలో కప్పు కూలినప్పుడు, శిథిలాల కింద ఎవరున్నారో తెలియక చాలామందిని పోగొట్టుకున్నాం. అప్పటినుంచి ప్రతి లెవెల్ కప్పుకి ఊపిరి చెవి బిగించారు. అది ఒక్కొక్కరి ఊపిరినీ విడివిడిగా వింటుంది. ప్రతి లెవెల్ వాకిట్లో బిళ్ళల బోర్డు కూడా పెట్టారు. ఎవరు ఏ లెవెల్‌లో అడుగుపెట్టినా మెడలో ఉన్న తమ పేరు బిళ్ళ తీసి అక్కడి కొక్కేనికి తగిలించాలి, పోయేటప్పుడు తీసుకుపోవాలి. కొక్కేల మీద బిళ్ళలెన్నో చెవికి వినబడే ఊపిర్లూ అన్నే ఉండాలి. తేడా వస్తే మెషీన్ తన చెవే చెడిందనుకుంటుంది. చెడిన చెవితో కొత్త మాట వినకూడదని, ఆ లెవెల్‌లో చివరిసారి లెక్క కుదిరినప్పటి సెట్టింగులకు పోతుంది. ఏడులో చివరిసారి కుదిరింది సామాను ఉన్నప్పుడు. సున్నా బిళ్ళలు, సున్నా ఊపిర్లు.

వెంటనే రాజవ్వకు ఫోన్ చేశాను.

"ఎవలన్న బిళ్ళ తగిలియ్యకుండ తిరుగుతున్నరా?"

"లేరు. అందరి బిళ్ళలు ఉన్నయి. నేనే సూసిన."

"ఒట్టు?"

"ఒట్టెందుకే, బిళ్ళున్నోళ్ళందరియి ఉన్నయి అంటున్న గదా."

అయితే చెవే చెడిపోయినట్టు. ఆ లెక్క చూసే నియమాన్ని ఏడో లెవెల్‌కు తీసేద్దామని చూశాను. తీసేశాను కూడా. కానీ అదీ ఒక సెట్టింగే కదా! కరెంటు మారగానే అదీ పాత చోటుకు వచ్చి కూర్చుంది. నవ్వాలో మెషీన్‌ను తన్నాలో తెలియలేదు. తన్నాను. బొటనవేలు వాచింది.

మొగిలి ఫోన్ చేశాడు. రోహిణి కార్తె వస్తోంది. ఆ ఎండకు పైన పలకలు కాగి, వేళాపాళా లేకుండా కరెంటు పోతుంది, వస్తుంది. పోయిన ప్రతిసారీ ఏడో లెవెల్ గాలి పడిపోతుంది.

"నువ్వెన్నిసార్లని పెడుతవు? రోహిణి సొచ్చేదాక సూస్త. కాలేదనుకో, ఏడో లెవెల్ ఖాళీ చేపిస్త."

"చేపిచ్చి యాడికి పంపుతవ్ సార్?"

"ఆరుల జాగ లేదు. పైన రేకుల షెడ్లున్నయి."

"రోహిణిల రేకుల కిందనా? మనుషులా, అప్పడాలా?"

"నాకు జెప్పకు. మెషీన్‌కు జెప్పు," అన్నాడు. ఆయన గొంతులో కూడా సంతోషం లేదు.

4. రోహిణి కార్తె, మొదటి రోజు. ఫస్ట్ షిఫ్ట్ మారాక

పరుగెత్తి వచ్చి రాస్తున్నాను. అక్షరాలు అష్టవంకర్లు పోతే పోనీ.

షిఫ్ట్ మారి, జోరు పెట్టి, ఊపిరి చెవిని విప్పి చూద్దామని పనిముట్ల సంచి తీసుకుని మెట్లదారిన ఏడుకి దిగాను. వాకిట్లో నా బిళ్ళ కొక్కేనికి తగిలించి లోపలికి పోయాను. రెండు గుమ్మాలు దాటేసరికి ముక్కుకు వాసన తగిలింది. సాంబ్రాణి పొగ.

ఒళ్ళు మండిపోయింది. బాయిలో నిప్పు పెట్టకూడదని నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఇక్కడ నేను గాలి కోసం చస్తుంటే వీళ్ళు పొగ వేస్తున్నారు. చెవి చెడక ఏమవుతుంది? వాసన పట్టుకుని పోయి ఒక గుమ్మం తెర లాగాను.

"ఎవలే పొగేసింది? బుద్ధున్నదా మీకు?"

లోపల రాజవ్వ చిన్న మూకుడు పట్టుకుని నిలబడి ఉంది. మంచం మీద ఆమె కోడలు సుగుణ, తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. పక్కన వెల్లుల్లి కారం గిన్నె. క్యాంటీన్ గిన్నెని గుర్తుపట్టాను. నా అరుపుకి సుగుణ ఒళ్ళోని పాత చీర మూట కదిలి, కెవ్వుమని ఏడ్చింది.

ఎర్రటి ముఖం, గుప్పిట్లు బిగించుకున్న ఆడపిల్ల. ఆ గుడ్డలో ఊపిరి తీసుకుంటోంది. చెవి దాన్ని విన్నది. చక్కగా విన్నది. చెడింది చెవి కాదు.

"దీని బిళ్ళేది?" అన్నాను.

సుగుణ మూటను కొంగు కిందికి లాక్కుంది.

"రాజవ్వా, అందరియి ఉన్నయంటివి గదనే!"

"బిళ్ళున్నోళ్ళ సంగతే జెప్పిన. ఏడుకు దిగిన పూటనే పుట్టింది ఇది, దీనికి లేదు. తొట్టెల పండుగ కాలే, పేరు పెట్టలే. పేరు లేనిదానికి బిళ్ళెట్ల కొడ్తరు?"

"పురుడైన్నాడే కొట్టియ్యాలెనని రూలున్నది."

"రూలున్నదనే మొదటి పిల్లకు కొట్టిచ్చినం," అంది రాజవ్వ. మూకుడు కింద పెట్టింది. "పుట్టిన పూటనే పేరు పెట్టి, పది మంది సూసేటట్టు బోర్డుకు ఏలాడదీసినం. తొట్టెల సూడలే అది. అందరి కండ్లు పడ్డయి. ఈపారి తొట్టెల అయ్యేదాక లెక్కలకు ఎక్కియ్యమని లెవెలంత ఒక్క మాట అనుకున్నం. ఫ్యాన్ రూమోళ్ళకు జెప్పొద్దనుకున్నం. నీకు జెప్తే నువ్వు బిళ్ళ కొట్టియ్యమంటవు."

"అంటనే! మీరు దిష్టి అనుకుంట దాస్తున్నరు, నేను మెషీన్ పాడైందని సస్తున్న. ఆ ఒక్క ఊపిరి ఎక్కువైతాందనే గాలి ఆగుతున్నది. ఆగేది దీనికి గూడనే కదా! పోనీ ఆరుకి తీస్కపోండ్రి."

"ఆడ మాత్రం చెవి లేదా?" అంది రాజవ్వ.

నిజమే. ఎక్కడికి తీసుకుపోతే అక్కడ లెక్క తప్పుతుంది.

సుగుణ తన మెడలో తాడు బయటకు లాగింది. తన బిళ్ళ వాకిట్లో కొక్కెం మీద ఉంది కదా, ఇదేమిటా అనుకున్నాను. ఇంకో బిళ్ళ, చిన్నది. మెరుపు ఇంకా పోలేదు. దాని మీది పేరు నేను చదవలేదు. చదవాలనిపించలేదు.

"ఓదక్కా," అంది. "తొట్టెల దాక ఆగు. నీ కాళ్ళు మొక్కుత."

నేను మనిషిని. గయ్యాళిదాన్ని, కానీ మనిషిని. అయినా కసిరాను. "నేనాగుత పిల్లా, గాలాగదు," అన్నాను.

అన్నానో లేదో గుమ్మం తెర రెపరెపలాడుతున్నది కాస్తా కదలక వేలాడింది. ఫ్యాన్ హోరు తగ్గింది. పైన కరెంటు పోయి వచ్చింది. షిఫ్ట్ మారలేదు, ఏ వేళా కాదు. రోహిణి మొదలైంది.

ఆ గది చిన్నది. పొగ కదలడం మానేసింది. సుగుణ పిల్లను ఎత్తి భుజానికి ఆనించుకుంది. పిల్ల ఏడుపు ఆపి, నోరు తెరిచి గబగబా ఊపిరి తీయడం మొదలెట్టింది. దాని వీపు ఎగసిపడటం కనబడుతోంది.

సంచి అక్కడే పడేసి పరుగెత్తాను. మెట్ల మీద ఎవరో పలకరించారు, ఎవరో తెలియదు. ఫ్యాన్ రూమ్ తలుపు భుజంతో తోసి, ఏడో లెవెల్ జోరు పెట్టి, సేవ్ నొక్కి, నేల మీద కూలబడ్డాను. రాజవ్వ ఫోన్ చేసింది.

"వచ్చిందే గాలి. పిల్ల మంచిగనే ఉన్నది."

ఏడ్చాను. ఎందుకు దాచాలి, ఏడ్చాను.

5. అదే రోజు, సెకండ్ షిఫ్ట్

మళ్ళీ కరెంటు పోయింది. మెషీన్ వెలిగేలోపే చేయి మీట మీద పెట్టి సిద్ధంగా ఉన్నాను. వెలిగింది.

'సరిపోయింది.'

ఏడో లెవెల్ జోరులోనే ఉంది. నేను ఏమీ చేయలేదు. కళ్ళు నులుముకుని చూశాను. జోరే.

అనుమానంగా ఉంది. దానంతట అది బాగుపడిన మెషీన్‌ను నమ్మకూడదు, దానంతట అదే చెడుతుంది. రాజవ్వకు ఫోన్ చేసి, పిల్లకు బిళ్ళ తగిలించారా అని అడిగాను. లేదంది. పిల్లను ఎవరైనా ఎత్తుకుపోయారా అన్నాను. నాకు తగిన తిట్టు తిట్టింది.

మరి లెక్క ఎలా కుదిరింది? ఆలోచిస్తూ తలుపు పక్కనున్న నా కొక్కెం వైపు చూశాను. ఉత్త కొక్కెం కనబడింది.

నా బిళ్ళ ఏడో లెవెల్ కొక్కేనికే ఉంది. పరుగులో తీసుకోవడం మరిచిపోయాను.

అక్కడ ఒక ఊపిరి ఎక్కువ. ఇప్పుడు ఒక బిళ్ళ కూడా ఎక్కువ. మెషీన్‌కు అంతే కావాలి. ఫ్యాన్ రూమ్‌లో హోరుకి చెవి పనిచేయదు కాబట్టి ఇక్కడ అది బిగించనే లేదు. ఇక్కడి కొక్కేన్ని మెషీన్ లెక్కపెట్టదు, మొగిలి వచ్చి కంటితో చూసుకుంటాడు. ఊపిరి లెక్కలో నేను ఇక్కడ ఉన్నట్టు మెషీన్‌కు ఎన్నడూ తెలియదు. ఇప్పుడు అక్కడ లేనట్టూ తెలియదు.

దిగిపోయి బిళ్ళ తెచ్చుకోవాలి. రూలు అదే. కుర్చీలోంచి లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను.

6. రోహిణి కార్తె, రెండో రోజు. ఫస్ట్ షిఫ్ట్

మొగిలి తనిఖీకి వచ్చాడు. తలుపు పక్కన ఖాళీ కొక్కెం చూసి ఆగిపోయాడు.

"నీ బిళ్ళేది?"

"ఏడుల ఉన్నది."

"నువ్వు ఈడున్నవు."

"అవ్. నేనీడున్న."

మొగిలి మంచివాడు కాకపోవచ్చు గానీ మొద్దు కాదు. తెర మీద ఏడో లెవెల్ జోరు చూశాడు, నన్ను చూశాడు, గోడ మీద ఇదంతా చదివాడు. చదువుతుంటే ఆపలేదు. రెండో పద్దులో తన గురించి లేదనీ, మొదటి దానిలో ఉందనీ తెలిసి ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఓదక్కా, కప్పు కూల్తే బిళ్ళలు సూసి మనుషుల కోసం తవ్వుతరు. ఈడ కొక్కెం ఖాళీగుంటే ఎవ్వడు రాడు. ఏడుల నీకోసం తవ్వుతరు, ఈడ నువ్వు సస్తవు."

"తొట్టెల దాకనే సార్."

"నువ్వు గూడ దిష్టి నమ్ముతున్నవా ఇప్పుడు?"

"నమ్మ. కానీ ఆమె నమ్ముతది. ఒక పిల్లను పోగొట్టుకున్నది. ఉన్న పిల్లను బోర్డుకు తగిలియ్యమంటే ఆమె చెయ్యి ఎట్ల లేస్తది? దిష్టి ఉంటే గింటే నా పేరు మీదనే పోనియ్. నా మొకానికి దిష్టి ఏం తగుల్తది?"

ఆయన నవ్వలేదు. "అట్లయితే కప్పు కూలిన్నాడు నిన్నెవలు గుర్తుపెట్టుకోవాలె?"

"మెషీన్‌కు గుర్తుండది. నువ్వే గుర్తుపెట్టుకో."

ఆయన నా చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని, తలుపు బయటికి పోయి ఏదో రాశాడు. అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. పోయాక చూశాను. తలుపు నిండా పెద్ద అక్షరాలు, ఆయన రాత పిల్లల రాత కన్నా కష్టం.

'లోపట మనిషున్నది.'

7. అదే రోజు, సెకండ్ షిఫ్ట్

క్యాంటీన్‌లో నాకు అన్నం లేదన్నారు. బిళ్ళ ఏ లెవెల్‌లో ఉంటే అన్నం అక్కడికే పోతుంది కదా. ఆకలికి మెషీన్‌ను ఇంకోసారి తన్నాలనిపించింది. ఇంతలో రాజవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, చేతిలో పళ్ళెం.

"నీ అన్నం మా ఇంటికొచ్చింది. నీ పేరు సెప్పుకుంట సుగుణ సగం తిన్నది. పాలు పడాలె గదా, ఏమనుకోకు."

మిగిలిన సగం మీద వెల్లుల్లి కారం కుప్పగా వేసి ఉంది. బాలింత తిండి. కళ్ళలో నీళ్ళు వచ్చేంత ఘాటుగా ఉంది. మొత్తం తిన్నాను.

"పిల్లకు నీ పేరే పెట్టాలెనంటున్నది సుగుణ," అంది.

"పెడితే నా బిళ్ళ ఇప్పుడే గుంజుకపోత. ఓదెమ్మ అని ఇంకొకదాన్ని ఈ బాయిల ఉద్యోగానికి పెడ్తరా? మంచి పేరు సూడుమను. ఫ్యాన్‌ల జోలికి పోని పేరు."

రాజవ్వ పళ్ళెం తీసుకుని నవ్వుకుంటూ దిగిపోయింది. ఇప్పుడు ఆమె గొంతు మళ్ళీ బాయంతా వినబడుతోంది.

ఆమె పోయిన కాసేపటికి పైన ఎండకు పలకలు చేతులెత్తేశాయి. దీపాలు ఆరాయి. హోరు ఆగింది. చీకట్లో నా చేయి అలవాటుగా మీట మీదికి పోయింది. నొక్కకూడదని ఇంకో చేత్తో పట్టుకున్నాను. ఆ కొన్ని క్షణాలు నేనూ ఊపిరి బిగబట్టాను.

వెలిగింది. హోరు లేచింది. 'సరిపోయింది.'

ఏడో లెవెల్ పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. రాజవ్వ: నడక. సుగుణ: మేలుకొని. మిగిలినవాళ్ళందరూ వచ్చారు. అన్ని ఊపిర్లకూ పేర్లు పంచాక, మిగిలిన ఒక్క ఊపిరికి మిగిలిన ఒక్క పేరు పెట్టి మెషీన్ చివరి వరుస వేసింది.

ఓదెమ్మ: నిద్ర.

ఇన్నేళ్ళుగా ఈ తెర ముందు కూర్చున్నాను, అందరి నిద్రలూ చూశాను. ఆ నిద్రల వరుసలో నా పేరు చూడటం ఇదే మొదటిసారి. ఎన్ని రోజులనుంచి నడుం వాల్చి పడుకోలేదో నాకే గుర్తు లేదు, మెషీన్ మాత్రం పడుకున్నానంటోంది. దాన్ని అబద్ధాలకోరును చేయడం నాకు ఇష్టం లేదు. చాక్‌పీసు కింద పెట్టి నేనూ పడుకుంటున్నాను.